నీటిని తాకీ తాకకుండా

మూడడుగుల పొడవు, మూడు కిలోల బరువు, అరచేతిలో ఇమిడే మోటారు. ఒడ్డున నిలబడి రిమోట్ నొక్కితే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే రేసు పడవను ఇంట్లో బల్ల మీద చేసుకునేవాళ్లు ఎన్నో దేశాల్లో ఉన్నారు. వాళ్లలో గెలిచేవాళ్లకు పెద్ద మోటారు కంటే ఇనప స్కేలే ఎక్కువ అక్కరకొస్తుంది.

అమెరికా వాయవ్య మూలన ఉన్న సియాటెల్‌లో 1950ల నాటి పిల్లలు చెక్కతో పడవలు చేసుకుని, తాడు కట్టి, సైకిళ్ల వెనక ఈడ్చుకుంటూ తిరిగేవారు. నీళ్లలో కాదు, వీధుల్లో. ప్రతి బొమ్మకూ ఏదో ఒక అసలు రేసు పడవ రంగులు, పేరు, నంబరు ఉండేవి. బేస్‌బాల్‌లోగానీ ఫుట్‌బాల్‌లోగానీ పెద్ద లీగుల్లో ఆడే జట్టు అప్పటికి ఆ ఊరికి లేదు. ఉన్నదల్లా ఊరి పక్కనే వాషింగ్టన్ సరస్సు, దాని మీద ఏటా ఆగస్టులో జరిగే హైడ్రోప్లేన్లనే రేసు పడవల పందెం.

ఆ పిచ్చి ఎక్కించింది స్లో-మో-షున్ ఫోర్ అనే పడవ. బోయింగ్ కంపెనీలో పనిచేసే టెడ్ జోన్స్ దాన్ని గీశారు. ఆంకర్ జెన్సెన్ తన పడవల షెడ్డులో కట్టారు. కార్ల వ్యాపారి స్టాన్ సేయర్స్ డబ్బు పెట్టారు, నడిపారు. 1950 జూన్ 26న ఆ సరస్సు మీద అది గంటకు 160.32 మైళ్లు, అంటే దాదాపు 258 కిలోమీటర్లు వెళ్లింది. అంతకుముందు రికార్డు ఇంగ్లండ్‌కు చెందిన మాల్కమ్ క్యాంప్‌బెల్‌ది. 1939 నాటి ఆ వేగం 141.74 మైళ్లు. అంటే పాత రికార్డును ఏకంగా పద్దెనిమిది మైళ్లకు పైగా దాటేసింది. ఆ వేసవిలోనే డెట్రాయిట్ వెళ్లి పోటీలో గెలిచి గోల్డ్ కప్పునూ పట్టుకొచ్చింది. మరుసటి ఏడాది ఆ పోటీ సియాటెల్‌లోనే జరిగింది.

అంత వేగం ఇంజిన్ వల్ల వచ్చింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా దొరికిన అలిసన్ విమాన ఇంజిన్లు పోటీకి వచ్చిన ఇతర పడవల్లోనూ ఉన్నాయి. తేడా అంతా పడవ నీటి మీద కూర్చునే తీరులో ఉంది. ముందు వైపు కుడి ఎడమల కిందికి దిగి ఉండే రెండు గుల్ల భాగాలను స్పాన్సన్లు అంటారు. వేగం అందుకోగానే పడవ లేచి ఆ రెండింటి వెనక అంచుల మీద, ప్రొపెల్లర్ మీద నిలబడుతుంది. మిగతా ఒళ్లంతా గాలిలోనే. రెండు స్పాన్సన్ల మీద, తోక మీద ఆనే పడవలను 1930ల్లోనే న్యూజెర్సీలో ఏపెల్ కుటుంబం కట్టింది. జోన్స్ ఇంకో అడుగు ముందుకేసి తోకను కూడా నీటి నుంచి లేపేశారు. ప్రొపెల్లర్ సగం నీళ్లలో, సగం పైన. అది గాల్లోకి చిమ్మే నీటి తెర కోడిపుంజు తోకలా వంపు తిరిగి లేస్తుంది. అమెరికన్లు దాన్ని రూస్టర్‌టెయిల్ అనే పిలుస్తారు.

నీళ్లు గాలికంటే సుమారు ఎనిమిది వందల రెట్లు చిక్కన. పడవ ఒంటి మీద ఒక్కో అంగుళం తడి తగ్గేకొద్దీ ఈడ్చుకుపోయే భారం తగ్గుతుంది. మొత్తం వదిలేస్తే మాత్రం పడవ నీటి మీద ఉండదు, గాలిలో పల్టీ కొడుతుంది. రేసు పడవ తయారీ అంతా ఈ రెంటి మధ్య చోటు వెతకడమే. అసలు పడవకైనా అంతే, బొమ్మ పడవకైనా అంతే.

పదో వంతు పడవ, పదో వంతు కాని వేగం

సియాటెల్ ప్రాంతంలోనే ఎలక్ట్రిక్ రేడియో కంట్రోల్ అన్‌లిమిటెడ్స్ అనే క్లబ్బు ఉంది. ఆ సరస్సు మీద పరుగెత్తిన పెద్ద హైడ్రోప్లేన్లకు పదో వంతు నమూనాలు చేసి, బ్యాటరీలతో నడిపి, పందేలు వేయడం దాని పని. అసలు పడవ ముప్పై అడుగులుంటే ఇది మూడడుగులు. రంగుల దగ్గర వీళ్లకు పట్టింపు ఎక్కువ. పాతకాలపు మిస్ బార్డాల్ పడవ మీది చదరంగపు గళ్లలో ఒకటి అటూ ఇటూ అయినా చూసి చెప్పేవాళ్లు ఒడ్డున ఉంటారు.

పొడవు పదో వంతయితే వేగమూ పదో వంతే ఉండాలనిపిస్తుంది. నీళ్లు ఆ లెక్క ఒప్పుకోవు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ ఇంజినీరు విలియం ఫ్రూడ్ దీని సంగతి తేల్చారు. బ్రిటిష్ నౌకాదళం కోసం టోర్కీ పట్టణంలో 1872లో పొడవాటి నీళ్ల తొట్టె కట్టించి, అందులో నమూనా ఓడలను లాగిస్తూ ఆయన కొలతలు తీశారు. ఆయన సూత్రం ప్రకారం పొడవు పదింతలు తగ్గితే వేగం పది వర్గమూలం మేరకే, అంటే 3.16 రెట్లే తగ్గాలి. బరువు వెయ్యింతలు తగ్గాలి. శక్తి దాదాపు మూడు వేల నూట అరవై ఇంతలు తగ్గాలి.

నేటి పెద్ద హైడ్రోప్లేన్‌తో ఈ లెక్క వేసి చూడవచ్చు. దాని బరువు మూడు టన్నుల పైచిలుకు. అందులో ఉండే, చినూక్ హెలికాప్టర్లలో వాడే లైకమింగ్ టర్బైన్ దాదాపు మూడు వేల హార్స్‌పవర్ ఇస్తుంది. తిన్నని దారిలో గంటకు 320 కిలోమీటర్లు అందుకుంటుంది. పదో వంతు నమూనాకు ఇది ఎంతవుతుంది? బరువు మూడు కిలోలు, వేగం వంద కిలోమీటర్లు, శక్తి ఒక హార్స్‌పవర్‌కు కాస్త తక్కువ, అంటే 700 వాట్లు. బరువు, వేగం విషయంలో మోడలిస్టుల అనుభవం ఈ అంకెలకు దగ్గరగానే ఉంటుంది. శక్తి దగ్గరే లెక్క తప్పుతుంది. ఫ్రూడ్ సూత్రం అలలకు వర్తిస్తుంది కానీ పడవ ఒంటిని ఒరుసుకుపోయే నీటి రాపిడికి వర్తించదు. పడవ చిన్నదయ్యేకొద్దీ ఆ రాపిడి వాటా పెరుగుతుంది. అందుకే మూడడుగుల పడవకు 700 వాట్లు చాలవు, దానికి రెట్టింపు ఖర్చవుతుంది. చిన్నపిల్లల బొమ్మ అనుకుని చేతిలోకి తీసుకున్న వస్తువులో రెండు హార్స్‌పవర్ల మోటారు ఉందన్నమాట. వేళ్లు దూరంగా పెట్టాలి.

ముందు పడవే

రేడియోతో నడిచే వస్తువుల చరిత్రలో డ్రోన్లు, విమానాలు తర్వాత వచ్చాయి. మొదట వచ్చింది పడవే, అదీ బ్యాటరీ పడవే. 1898లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో నికోలా టెస్లా నీళ్ల తొట్టెలో ఒక ఇనప పడవను వదిలి, తీగ లేకుండా తిప్పి చూపించారు. లోపల కోతిని దాచారేమో అన్నవాళ్లు కూడా ఉన్నారని చెబుతారు. ఆ ఏడాది నవంబరు 8న ఆయనకు 613,809 నంబరుతో పేటెంటు వచ్చింది. అమెరికా నౌకాదళం ఆసక్తి చూపలేదు.

టెస్లా తర్వాత చాలాకాలం విద్యుత్తు పడవలు నత్తనడకే నడిచాయి. వేగం కావాలంటే పెట్రోలో, నైట్రో ఇంధనమో పోయాల్సిందే. విద్యుత్తు పడవంటే కార్బన్ బ్రష్షుల మోటారు, ఒక్కొక్కటి 1.2 వోల్టులిచ్చే నికెల్ కాడ్మియం సెల్‌లు ఆరు, అవి లాగే ఓ బరువైన పడవ. దశ తిప్పినవి రెండు. 1980ల్లో వచ్చిన నియోడైమియం అయస్కాంతం, 1991లో సోనీ అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ. మొదటిది మోటారును చిన్నది చేసింది, రెండోదాని తమ్ముడైన లిథియం పాలిమర్ బరువు తగ్గించింది. బ్రష్షులు పోయి, ఎలక్ట్రానిక్ సర్క్యూటుతో తిరిగే మోటార్లు వచ్చాయి. చేతి పరికరాల కోసం పుట్టిన బ్యాటరీ రేసు పడవల ఆటనూ మార్చేసింది. లిథియం బ్యాటరీలకు పునాది వేసిన ముగ్గురికి 2019లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

చెక్క, జిగురు, ఇనప స్కేలు

తయారైన ఫైబర్ పడవలు దొరుకుతాయి. తొందరున్నవాళ్లు అవి కొంటారు. హైడ్రోప్లేన్ మాత్రం ఇప్పటికీ చాలామంది చెక్కతోనే కడతారు. బిర్చ్ ప్లైవుడ్ పలకలు, మధ్యమధ్య తేలికైన బాల్సా, కీలకమైన అతుకుల దగ్గర ఎపాక్సీ జిగురు. ప్లాను కాగితాన్ని బల్ల మీద పరిచి, పైన పలచటి ప్లాస్టిక్ కాగితం వేసి, అడ్డ చట్రాలను నిలబెడుతూ పోవాలి. బల్ల తిన్నగా లేకపోతే పడవ తిన్నగా రాదు. అందుకే అనుభవజ్ఞులు గాజు పలక మీద గానీ, పాత గ్రానైటు బండ మీద గానీ కడతారు.

పైకి కనిపించే డెక్కు, రంగు, కాక్‌పిట్ అన్నీ ముచ్చట కోసం. వేగాన్ని నిర్ణయించేవి స్పాన్సన్ల అడుగులు. వాటి వాలు మూడు నాలుగు డిగ్రీలు. అది రెండు పక్కలా ఒకేలా ఉండాలి. కుడివైపు అర డిగ్రీ ఎక్కువైతే పడవ ప్రతి అలకూ ఎడమకు ఒరుగుతుంది. అడుగు పలక పొడవునా తిన్నగా ఉందో లేదో ఇనప స్కేలు నిలువుగా ఆనించి, వెనక నుంచి దీపం పట్టి చూస్తారు. మధ్యలో లోపలికి గుంట పడితే ముక్కు నీళ్లలోకి వంగుతుంది. బయటికి ఉబ్బితే పడవ గంతులు వేస్తుంది. అర మిల్లీమీటరు తేడా ఒడ్డు నుంచి కంటికి తెలుస్తుంది. వెలుతురు దూరితే పుట్టీ పెట్టి, నీళ్లతో తడుపుతూ సాండ్‌పేపర్ రుద్ది, మళ్లీ స్కేలు పెట్టాలి. విసుగు పుట్టించే పని ఇదే. చాలామంది ఇక్కడే చాల్లెమ్మని రంగు వేసేస్తారు. తర్వాత ఖరీదైన మోటారు కొని ఆ లోటు పూడ్చాలని చూస్తారు. పూడదు.

ఇంకో చిన్న రహస్యం అంచుల్లో ఉంది. చూడ్డానికి గుండ్రటి అంచు నున్నగా, అందంగా ఉంటుంది. నీళ్లు ఆ గుండ్రాన్ని పట్టుకుని పైకి పాకుతాయి, పడవను అంటిపెట్టుకుంటాయి. స్పాన్సన్ వెనక అంచు, అడుగు అంచులు కత్తిలా పదునుగా ఉంటేనే నీళ్లు అక్కడితో తెగి విడిపోతాయి. చెక్క అంచు ఎక్కువకాలం పదునుగా నిలవదు కాబట్టి పలచని ఎపాక్సీ పూసి గట్టిపరుస్తారు.

లోపలి భాగమంతా పలచటి ఎపాక్సీ పూత పడాలి. తడి తగిలిన ప్లైవుడ్ ఉబ్బితే ఆ వాలు లెక్కలన్నీ గంగపాలే. ముక్కులోనూ స్పాన్సన్లలోనూ ఖాళీ జాగాలను ఫోమ్‌తో నింపాలి. బోర్లాపడి నీళ్లు నిండినా పడవ మునగకుండా ఉండేది దానివల్లే. ఎక్కువ క్లబ్బులు ఫోమ్ లేని పడవను నీళ్లలోకి దిగనివ్వవు. పైన మూత చుట్టూ జలనిరోధక టేపు వేస్తారు. లక్షణమైన రంగులేసిన పడవకు చుట్టూ టేపు అంటించడం కంటికి బాగోదు కానీ అంతకంటే నమ్మకమైన ఉపాయం ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

ఉక్కు తీగ, కంచు రెక్క

మోటారు పడవ మధ్యలో ఉంటుంది. ప్రొపెల్లర్ వెనక పలక అవతల ఉంటుంది. ఈ రెంటినీ కలిపేది వంగే ఉక్కు కేబుల్. మందం అయిదు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ. ఇత్తడి గొట్టంలో టెఫ్లాన్ తొడుగు, దానిలో గ్రీజు పూసిన కేబుల్. మోటారు తిరిగే దిక్కుకు బిగుసుకునేలా పేనిన కేబులే వాడాలి. దిక్కు తప్పితే పురి విప్పుకుంటుంది.

కొత్తవాళ్లను ఏడిపించే సంగతి ఇంకొకటుంది. భారం పడగానే కేబుల్ మెలి తిరిగి పొట్టిదవుతుంది. అందుకని ప్రొపెల్లర్‌ను పట్టి తిప్పే భాగానికీ, కేబుల్ బయటికొచ్చే స్ట్రట్ చివరకూ మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల సందు వదలాలి. నీటుగా ఉంటుందని సందు లేకుండా బిగిస్తే కేబుల్ లోపలికి లాగినప్పుడు ఆ భాగం స్ట్రట్‌కు ఒరుసుకుని బ్రేకు వేసినట్టవుతుంది. మోటారు కాలుతుంది. ప్రతి రోజు ఆట ముగిశాక కేబుల్ బయటికి తీసి, తుడిచి, కొత్త గ్రీజు పూయాలి. మర్చిపోతే మరుసటి ఆదివారానికి తుప్పు పట్టి గొట్టంలోనే ఉండిపోతుంది.

వేగం లెక్క కాగితం మీద ఇట్టే వచ్చేస్తుంది. ఒక్క వోల్టుకు నిమిషానికి 2,000 చుట్లు తిరిగే మోటారు తీసుకుంటే, నాలుగు సెల్‌ల బ్యాటరీ 14.8 వోల్టులకు 29,600 చుట్లు తిరగాలి. ఇల్లినాయ్‌కి చెందిన ఆక్టురా కంపెనీ ప్రొపెల్లర్లు ఈ ఆటలో దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. వాటి నంబర్లోనే కొలత ఉంటుంది. ఎక్స్ 442 అంటే వ్యాసం 42 మిల్లీమీటర్లు, పిచ్ దానికి 1.4 రెట్లు. అంటే ఒక చుట్టుకు 58.8 మిల్లీమీటర్లు ముందుకు తొయ్యాలి. హెచ్చవేస్తే గంటకు 104 కిలోమీటర్లు. నీళ్ల మీద అంత రాదు. భారం పడితే వోల్టేజి కుంగుతుంది, చుట్లు తగ్గుతాయి, ప్రొపెల్లర్ నీళ్లలో కొంత జారుతుంది. 80 వస్తే పడవ బాగా కట్టినట్టే.

మరి 42 బదులు 45 మిల్లీమీటర్ల ప్రొపెల్లర్ వేస్తే? మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. అవే చుట్ల దగ్గర ప్రొపెల్లర్ మింగే శక్తి స్థూలంగా వ్యాసం అయిదో ఘాతంతో పెరుగుతుంది. ఆ మూడు మిల్లీమీటర్లకు మోటారు మీద భారం నలభై శాతం పెరుగుతుంది. కాస్త వేగం కోసం ఆశపడి, పొగ వచ్చాక గానీ చాలామంది ఈ లెక్క వేసుకోరు.

కొన్న ప్రొపెల్లర్‌ను అలాగే బిగించరు. దాని రెక్కల ముందు అంచును ఆకురాయితో పదును పెట్టి, రెండు రెక్కలూ సమతూకంలో ఉన్నాయో లేదో చూస్తారు. బరువున్న రెక్క వెనక వైపు కొద్దికొద్దిగా అరగదీస్తారు. ముప్పై వేల చుట్ల దగ్గర వీసమెత్తు తేడా కూడా పడవంతా వణికిస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ఆక్టురా రెక్కలు బెరీలియం కలిసిన రాగితో పోతపోస్తారు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. నీళ్లతో తడుపుతూ అరగదీయాలి, మాస్కు పెట్టుకోవాలి, పిల్లల చేతికి ఈ పని ఇవ్వకూడదు.

మోటారు, దాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్ కంట్రోలరు రెండూ వేడెక్కుతాయి. వాటిని చల్లబరిచేది సరస్సు నీళ్లే. చుక్కాని అంచులో చిన్న రంధ్రం, దాని నుంచి సిలికాన్ గొట్టం, పడవ పక్కన బయటికి పోయే దారి. పంపు అక్కర్లేదు. గంటకు 80 కిలోమీటర్ల దగ్గర ఆ రంధ్రం మీద పడే నీటి ఒత్తిడి కారు టైరులో గాలి ఒత్తిడికి సమానం. పక్కనుంచి సన్నటి నీటి ధార వస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్లకు ధైర్యం. ఆగిపోతే గొట్టంలో నాచు చిక్కిందన్నమాట. వెంటనే పడవను వెనక్కి తెచ్చుకోవాలి.

మూడు నిమిషాల ఆయువు

5,000 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ మీద వంద ఆంపియర్లు లాగితే మూడు నిమిషాల్లో ఖాళీ. అయిదో వంతు మిగిల్చాలన్నది మోడలిస్టుల కట్టుబాటు కాబట్టి చేతిలో ఉండేది రెండున్నర నిమిషాలే. లిథియం పాలిమర్ సెల్ నిండితే 4.2 వోల్టులు, దాచిపెట్టేటప్పుడు 3.8 దగ్గర ఉండాలి. వాడేటప్పుడు మూడు వోల్టులకు దిగజారనిస్తే సెల్ పాడైపోతుంది. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ చార్జి చేయడం ఇంటికి నిప్పు పెట్టుకోవడంతో సమానం. చార్జింగ్ అవుతుండగా మనిషి పక్కనే ఉండాలి, మంటకు తట్టుకునే సంచిలోనో సిమెంటు గచ్చు మీదో పెట్టాలి. రాత్రి ప్లగ్గు పెట్టి పడుకోవడం ఫోనుకు చెల్లుతుందేమో, దీనికి చెల్లదు.

అన్నీ అమర్చాక బరువు ఎక్కడ ఆగిందో చూడాలి. హైడ్రోప్లేన్‌ను స్పాన్సన్ల వెనక అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల వెనక వేళ్ల మీద ఆనిస్తే అటూ ఇటూ మొగ్గకుండా నిలవాలి. ముందుకు మొగ్గితే పడవ నీళ్లలో కూరుకుని నడుస్తుంది, వెనక్కి మొగ్గితే లేచిపోతుంది. బ్యాటరీని వెల్క్రో పట్టీతో కట్టడం అందుకే. అర అంగుళం ముందుకీ వెనక్కీ జరిపి సరిచేసుకోవచ్చు. గాలి లేచిన రోజు ముందుకు జరుపుతారు.

పడవ ఎగిరి వెనక్కి పల్టీ కొట్టడాన్ని బ్లోఓవర్ అంటారు. డెక్కు కింద దూరిన గాలి ముక్కును లేపుతుంది. లేచేకొద్దీ ఇంకా గాలి దూరుతుంది. దాన్ని ఆపే వ్యవధి ఎవరికీ ఉండదు. మాల్కమ్ క్యాంప్‌బెల్ కొడుకు డోనల్డ్ 1967 జనవరి 4న ఇంగ్లండ్‌లోని కోనిస్టన్ సరస్సు మీద గంటకు 300 మైళ్లు దాటాక అలాగే తన పడవ బ్లూబర్డ్‌తో పాటు ఎగిరి పడి చనిపోయారు. నమూనా పడవకు జరిగితే మహా అయితే డెక్కు పగులుతుంది. పెద్ద పడవల వాళ్లు ప్రాణం పెట్టి నేర్చుకున్నదాన్ని బొమ్మ పడవల వాళ్లు జిగురు ఖర్చుతో నేర్చుకుంటున్నారు.

కుడివైపే తిరగాలి

పందెం చూస్తే మొదట కొంత గందరగోళంగానే ఉంటుంది. నీటి మీద తేలే గుర్తులు, అంటే బోయలు కట్టిన అండాకారపు దారి, చుట్టు ఆరో వంతు మైలు. ఆరు చుట్లు. పడవలు గీత దగ్గర ఆగి ఉండవు. గడియారం నడుస్తుండగా తిరుగుతూనే ఉండి, సున్నా అయ్యే క్షణానికి పూర్తి వేగంతో గీత దాటాలి. అర సెకను ముందు దాటితే శిక్ష. బోయను లోపలి నుంచి దాటినా శిక్షే. సియాటెల్‌లో పెద్ద హైడ్రోప్లేన్లు ఎడమకు తిరుగుతాయి. రిమోట్ పడవలు కుడికి, గడియారం దిక్కుకు తిరుగుతాయి. అందుకే మలుపులో పడవ పక్కకు జారకుండా ఆపే మలుపు రెక్క బొమ్మలో కుడి స్పాన్సన్‌కు ఉంటుంది. రంగుల్లో ఒక్క గీత తప్పనివ్వని మోడలిస్టులు కూడా ఈ ఒక్కచోట అసలుతో రాజీపడతారు.

పోటీల నియమాలు పడవ రూపాన్నే మార్చేస్తాయి. ఉత్తర అమెరికా సంఘం నాంబా వర్గాలను వోల్టేజితో విడదీస్తుంది. నాలుగు సెల్‌ల వరకు పి, ఆరు వరకు క్యూ, ఆ పైన మరికొన్ని. పందెం నిమిషంన్నరలో అయిపోతుంది కాబట్టి ఉన్న వోల్టేజిలో ఎంత కరెంటు లాగగలిగితే అంత లాభం. యూరప్‌లో 1959లో బాసెల్‌లో పుట్టిన నావిగా సంఘం దారి వేరు. అక్కడ చాలా విద్యుత్తు వర్గాల్లో బ్యాటరీ బరువుకు హద్దు పెట్టి, ఆరు నిమిషాల్లో ఎన్ని చుట్లు తిరిగారో లెక్కిస్తారు. మొదటి నిమిషం విజృంభించినవాడు అయిదో నిమిషంలో తేలుతూ ఉంటాడు. బ్యాటరీని పొదుపుగా వాడుకుంటూ వేగం నిలుపుకోవడం తెలివైన ఆట. చూసేవాళ్లకు అమెరికా పందెం సరదా, కట్టేవాళ్లకు యూరప్ పందెం పరీక్ష.

పొరుగు పడవలు

ఫార్ములా వన్ పవర్‌బోట్లు తెలుగువారికి కొత్త కాదు. 2018 నవంబరులో విజయవాడ దగ్గర కృష్ణలో ఎఫ్1హెచ్2ఓ ప్రపంచ చాంపియన్‌షిప్ రౌండ్ జరిగింది. ఆ ఏడాది ఒక జట్టు అమరావతి పేరుతోనే బరిలో దిగింది. ఆ పడవలు పెట్రోలు ఇంజిన్లవి, రెండు పొడవాటి అడుగుల మధ్య గాలి సొరంగంతో లేచేవి. విద్యుత్తు పడవలకు ప్రత్యేకంగా ఈ1 సిరీస్ 2024 ఫిబ్రవరిలో జెడ్డాలో మొదలైంది. అందులో బ్లూ రైజింగ్ జట్టుకు విరాట్ కోహ్లీ సహ యజమాని.

బొమ్మ పడవల నుంచి అసలు పడవ దాకా దూరం అనుకున్నంత లేదు. 2023 అక్టోబరులో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఉత్తర కరోలినాలోని టౌన్‌సెండ్ సరస్సు మీద విద్యుత్తు పడవను గంటకు 114.2 మైళ్లు, అంటే దాదాపు 184 కిలోమీటర్లు పరుగెత్తించి రికార్డు కొట్టారు. వాళ్లు ఎంచుకున్నది హైడ్రోప్లేనే. టెడ్ జోన్స్ నమ్మిన సూత్రం డెబ్బై ఏళ్ల తర్వాత బ్యాటరీ పడవకూ పనికొచ్చింది.

సియాటెల్ పక్కనున్న రెడ్మండ్, బెల్‌వ్యూ చుట్టుపక్కల ఉన్న తెలుగు కుటుంబాలకు ఇదంతా అరగంట దూరంలోనే ఉంది. ఆగస్టు మొదట్లో సీఫెయిర్ పండగలో హైడ్రోప్లేన్ పందేలు, కెంట్ పట్టణంలో హైడ్రోప్లేన్ మ్యూజియం, సియాటెల్ చరిత్ర మ్యూజియం మోహైలో పైకప్పుకు వేలాడే స్లో-మో-షున్ ఫోర్. పిల్లలను తీసుకెళ్తే సగం పాఠం అక్కడే అయిపోతుంది.

మన దగ్గర ఈ ఆట మొదలుపెట్టాలనుకునేవాళ్లు మొదటిసారే హైడ్రోప్లేన్ జోలికి పోకుండా ఇంగ్లిష్ వి ఆకారపు అడుగున్న మోనో పడవతో మొదలుపెట్టాలి. అది అలలను మన్నిస్తుంది. రెండు మూడు సెల్‌ల బ్యాటరీ చాలు. 2.4 గిగాహెర్ట్జ్ రిమోట్‌కు మన దేశంలో 2005 నుంచి లైసెన్సు అక్కర్లేదు. సిగ్నల్ తెగితే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ అమర్చారో లేదో ఒడ్డునే రిమోట్ ఆపి పరీక్షించాలి. గుర్రపుడెక్క, వలలు లేని నీళ్లు చూసుకోవాలి. తాగునీటి చెరువైతే వద్దు, మిగతాచోట్ల పంచాయతీని గానీ చెరువు పాడుకున్నవారిని గానీ అడగాలి. నీళ్లలో మనుషులో పశువులో ఉంటే పడవ దించకూడదు. మధ్యలో ఆగిపోతే ఈదుకుంటూ వెళ్లొద్దు. చేపల గాలం దారానికి టెన్నిస్ బంతి కట్టి పడవ అవతలికి విసిరి, దారంతో లాక్కోవచ్చు. గాలి ఒడ్డువైపు వీస్తుంటే అది కూడా అక్కర్లేదు, కాసేపు ఆగితే పడవే వస్తుంది.